మధ్యలో ఒక ఖాళీ వరస

మంగళవారం పొద్దున్న పదిన్నరకి ఎనోసా ఫోన్ చేశాడు. నెరిడా కవల్లారో అప్పటికింకా కప్పులోంచి టీ సంచీ కూడా పైకి తీయలేదు.

"అక్కా, నువ్వు బానే ఉన్నావా? ఒంట్లో గానీ తలలో గానీ తేడా ఏమీ లేదు కదా?"

ఎనోసా ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి దీవుల మనిషి. స్తంభాలకు గోతులు తవ్వి కాంక్రీటు పోసే ముఠాకు పెద్ద. నెరిడా పనిచేసే ఇంజనీరింగ్ ఆఫీసులో యజమానితో సహా అందర్నీ అందరూ పేరుతోనే పిలుచుకుంటారు. ఎనోసా మాత్రం, తమవాళ్లలో ఉన్న పద్ధతినే పట్టుకుని, ఆమెను అక్కా అంటాడు. ఇద్దరికీ వయసులో ఏడాది తేడా కూడా ఉండదు. పెద్ద ఎవరన్నది ఇప్పటిదాకా తేల్చుకోలేదు.

"ఏమైందో చెప్పు ముందు," అంది నెరిడా.

"కాజురైనా పాయింట్ స్కూల్లో ఉన్నా. నా ఎదురుగా సముద్రం. గాలి తిన్నగా మొహం మీదే కొడుతోంది. స్తంభం ఆరు మీటర్లు. గొయ్యి లోతు ఎంతని రాశావో తెలుసా? తొమ్మిది వందలు. మిల్లీమీటర్లే. మా అత్తగారు బట్టలారేసుకునే కొయ్యకి ఇంతకంటే లోతు తవ్వాను నేను."

నెరిడాకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఏ స్తంభానికి?"

"ఆరింటికీ అంతే. ఇంకోటి విను. పోయిన వారం చార్టర్స్ టవర్స్ దారిలో ఆ పసిపిల్లల బళ్లో, ఇసుకగుంట మీద గొడుగంత గుడ్డకి రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు తవ్వించావు. రాయి తగిలి తవ్వే బరమా పళ్లు రెండు ఊడిపోయాయి. ఇంజనీరమ్మ ఏదో ఆలోచించే రాసుంటుందిలే అని నోరు మూసుకున్నాం."

"అక్కడ కాంక్రీటు పోశారా?"

"అక్కడ పోశాం. ఇక్కడ మా తమ్ముడి ముఠా నిన్న సాయంత్రం రెండు స్తంభాలు నిలబెట్టి పోసేసింది. వాడికి కాగితంలో ఏముంటే అదే వేదం. మిగతా నాలుగింటికి ఇవాళ పన్నెండింటికి లారీ. ఎందుకో మనసొప్పక నీకు చేశా."

"ఫోన్ దగ్గర పెట్టుకో. అరగంటలో చేస్తాను," అని నెరిడా ఫోన్ పెట్టేసింది. టీ సంచీ కప్పులోనే మిగిలిపోయి, టీ చేదెక్కి నల్లబడింది.

ఆ ఏడాది ఆఫీసుకు వచ్చిన పెద్ద పని అదే. టౌన్స్‌విల్ నుంచి పైకీ కిందికీ ఉన్న తీరంలోనూ, లోపలికి పోయే దారుల్లోనూ ముప్పై ఎనిమిది బళ్లలో, పిల్లలు ఆడుకునే చోట ఎండ పడకుండా గుడ్డ పందిళ్లు వేయాలి. మొత్తం నాలుగు వందల పన్నెండు స్తంభాలు. గుడ్డ పందిరంటే పైనుంచి బరువు మోసేది కాదు. గాలి దాన్ని తెరచాపలా పట్టుకుని స్తంభాలను లోపలికి లాగేస్తుంది. గొయ్యి తగినంత లోతు లేకపోతే స్తంభం వేళ్లతో సహా లేచి వస్తుంది. కింద ఎవరున్నారని గాలి చూసుకోదు.

ప్రతి స్తంభానికీ ఎత్తు వేరు, గుడ్డ వైశాల్యం వేరు, మట్టి వేరు, సముద్రం ఎంత దూరమన్నది వేరు. పాతరోజుల్లో అయితే ఒక్కో స్తంభం లెక్క రెండు పేజీలు. నెరిడా వాడే గణిత సాఫ్ట్‌వేర్‌లో పేజీ మీద సూత్రాలు చేత్తో రాసినట్టే కనబడతాయి. ప్రతి అంకె పక్కనా దాని కొలమానం ఉంటుంది. పొరపాటున మీటర్లను తెచ్చి బలంతో కూడబోతే ఎర్రగీత గీసి ఒప్పుకోనంటుంది. ఆ మొండితనం కోసమే ఆమెకు అదంటే ఇష్టం. కానీ అది ఒకసారికి ఒక్క స్తంభం సంగతే చూస్తుంది. స్ప్రెడ్‌షీటుకు ఆ పట్టింపు లేదు. ఏ అంకె ఇచ్చినా మారుమాట్లాడకుండా పుచ్చుకుంటుంది. నాలుగు వందల స్తంభాల వివరాలు ఒకదాని కింద ఒకటి పెట్టుకుని ఎన్నాళ్లయినా కూర్చుంటుంది.

రెండేళ్ల కిందట నెరిడా ఈ రెంటినీ కలిపింది. షీటులోంచి ఒక అడ్డు వరస వెళ్లి పేజీలో పడుతుంది. పేజీ లెక్క కట్టి, గొయ్యి లోతు తెచ్చి అదే వరస చివర రాస్తుంది. ఆ వెంటనే తర్వాతి వరస. నాలుగు వారాల పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఆ ఇరవై నిమిషాలూ ఆమె వంటగది సింకులో అందరూ వదిలేసిన కప్పులు కడుగుతూ గడిపేది. తిరిగొచ్చాక ప్రతి ఇరవయ్యో స్తంభానికీ పెన్సిలు పట్టుకుని చేత్తో లెక్క కట్టి సరిచూసుకునేది. తేడా లేదనుకున్నాకే సంతకం. క్వీన్స్‌లాండ్‌లో రిజిస్టరైన ఇంజనీరు సంతకం లేనిదే గొయ్యి తవ్వరు. ఆ ఆఫీసులో ఈ పనికి ఆ సంతకం ఆమెదే.

ఇప్పుడామె కాజురైనా పాయింట్ మొదటి స్తంభం వివరాలు చేత్తో పేజీలో ఎక్కించింది. పేజీ రెండు వేల నాలుగు వందలు అంది. సంతకం చేసిన రోజు తను దాచుకున్న షీటు తెరిచింది. అక్కడా రెండు వేల నాలుగు వందలే. ఆ తర్వాత బళ్లకూ ముఠాలకూ వెళ్లిన షీటు తెరిచింది. తొమ్మిది వందలు.

రెండు షీట్లనూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. తేడా తెలియడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆమె షీటులో బళ్లన్నీ మట్టి పరీక్షలు జరిగిన క్రమంలో, ఉత్తరం నుంచి దక్షిణానికి ఉన్నాయి. బయటికెళ్లిన షీటులో అక్షరక్రమంలో ఉన్నాయి. ఎవరో బళ్ల పేర్లను క్రమంలో పెట్టమని ఒక బటన్ నొక్కారు. బడి పేరు కదిలింది, ఎత్తు కదిలింది, మట్టి కదిలింది. లోతు మాత్రం కదల్లేదు. వివరాలకూ లోతుకూ మధ్య నెరిడా ఒక ఖాళీ నిలువు వరస వదిలింది, కంటికి కాస్త తెరిపిగా ఉంటుందని. బటన్ నొక్కినప్పుడు షీటు ఆ ఖాళీ వరస దాకా వచ్చి, తన పని అంతవరకే అనుకుని ఆగిపోయింది. అవతల ఉన్న లోతులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ముప్పై ఎనిమిది బళ్ల పిల్లలూ ఒకరి టోపీలు ఒకరు పెట్టుకుని ఇంటికెళ్లినట్టయింది.

ఆ షీటును చివరిసారి మార్చిందెవరో కూడా అందులోనే ఉంది. బ్రెట్ హాలోరన్, ఆఫీసు యజమాని. మూడు వారాల కిందటి శుక్రవారం, మధ్యాహ్నం రెండూ నలభై. ఆ రోజు నెరిడా ఇంగమ్‌లో తల్లికి కంటి ఆపరేషనని సెలవులో ఉంది. సంతకం అంతకు ముందు రోజు చేసింది.

షీటు పైన ఆమె సంతకం పేజీ ఉంది. అదే తేదీ, అదే సిరా గీత. కింద మాత్రం ఆమె ఎన్నడూ చూడని పట్టిక.

నెరిడాకు చెవులు వేడెక్కాయి. నలభై ఏళ్ల కిందట చెరుకు తోటలో పనిచేసే ఒకడు తండ్రి సైకిలు అడక్కుండా తీసుకెళ్లి వంకర చేసి తెచ్చి గోడకానించి పోయాడు. తండ్రి వంకర గురించి ఒక్క మాటా అనలేదు. అడక్కుండా తీసుకెళ్లినందుకు మాత్రం రెండేళ్లు వాడితో మాట్లాడలేదు. తండ్రి కోపం అప్పట్లో ఆమెకు అతిగా తోచేది. ఇప్పుడు తోచలేదు.

ఆమె రెండు షీట్లూ అచ్చు తీసి బ్రెట్ గదిలోకి వెళ్లింది.

బ్రెట్ పెద్ద ఒళ్లు, పెద్ద నవ్వు ఉన్న మనిషి. వెనక గోడ మీద అతను పట్టిన చేపలు, వాటిని పట్టుకున్న అతనూ పది ఫొటోల్లో ఉంటారు. కాగితాలు చూసి అతను మొదట నవ్వాడు.

"ఓ, ఇదా! విద్యాశాఖలో మెరెడిత్ లేదూ? పట్టిక అక్షరక్రమంలో ఉంటేగానీ తనకి ఏ బడి ఎక్కడుందో దొరకదంది. ఒక్క బటన్ నొక్కానంతే."

"ఆ ఒక్క బటన్‌తో నాలుగు వందల పన్నెండు స్తంభాల లోతులు తారుమారయ్యాయి. మూడో నాలుగో యాదృచ్ఛికంగా సరిపోయి ఉంటాయి."

బ్రెట్ నవ్వు తగ్గింది. కాగితాలు మళ్లీ చూశాడు. ఈసారి చూపుడువేలితో ఒక వరస వెంట వెళ్లాడు.

"అబ్బా," అన్నాడు.

"నన్నడిగి ఉండొచ్చుగా?"

"మీ అమ్మకి ఆపరేషనని వెళ్లావు. అలాంటప్పుడు విసిగించడం ఏం బావుంటుంది?"

"మా అమ్మ కన్ను పది నిమిషాల్లో అయిపోయింది. మిగిలిన రోజంతా వరండాలో కూర్చుని మామిడిపళ్లు తిన్నాను. విసిగించాల్సింది."

"సరే, సరే. అరవకు."

"నేనింకా అరవలేదు బ్రెట్."

అతను లేచి తలుపు మూశాడు. తలుపు మూశాక అతని గొంతు మారుతుందని ఆఫీసులో అందరికీ తెలుసు. "చూడు, ఇది పెద్ద రాద్ధాంతం చేసుకోవాల్సిన పని కాదు. కొత్త పట్టిక పంపుదాం. రెండో ప్రతి, మెరుగుపరచిన డిజైను అని పేరు పెడదాం. ఎక్కువ లోతు తవ్విన చోట బాధేం లేదు. తక్కువ తవ్విన చోట..."

"తక్కువ తవ్విన చోట కాంక్రీటు పోసేశారు. కాజురైనా పాయింట్‌లో రెండు స్తంభాలు. మిగతా నాలుగింటికి పన్నెండింటికి లారీ వస్తుంది. ముందు దాన్ని ఆపు."

"తుఫాను హెచ్చరిక రాగానే గుడ్డలు విప్పేస్తారుగా? రూలే ఉంది."

"తుఫానుకి హెచ్చరిక వస్తుంది. ఈ నెలలో మూడింటికి కొండ వెనకనుంచి లేచి అరగంట విరుచుకుపడి పోయే గాలివానకి ఏ హెచ్చరిక వస్తుంది? మూడింటికి పిల్లలెక్కడుంటారు? బస్సు కోసం ఆ పందిరి కిందే నిలబడతారు. మట్టి పరీక్షకి వెళ్లినప్పుడు నా కళ్లతో చూశాను."

బ్రెట్ కిటికీ వైపు చూశాడు. బయట ఎండ తెల్లగా మండుతోంది. "ఒంటిగంటకి ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడతా. వాళ్లని అడక్కుండా ఏదీ రాతలో పెట్టకూడదు. ఆ తర్వాత ఆపుదాం."

"లారీ పన్నెండింటికి అంటున్నాను."

"నాలుగు స్తంభాలే కదా నెరిడా! కావలిస్తే తర్వాత పీకిద్దాం." అని, ఏదో మంచి ఆలోచన వచ్చినట్టు ముందుకు వంగాడు. "మెరెడిత్‌కి ఏం చెబుదామంటే, షీటుకీ ఆ గణిత సాఫ్ట్‌వేర్‌కీ మధ్య లింకులో లోపం వచ్చిందందాం. సాంకేతిక లోపం. దానికెవరూ ఏమీ అనరు. కంప్యూటర్ మీద ఎవరికీ కోపం రాదు."

రెండేళ్ల కిందట నెరిడా ఎన్నో సాయంత్రాలు కూర్చుని, ఒక్కో వరసా తప్పిపోకుండా వెళ్లి తిరిగొచ్చేలా కుట్టిన పని అది. ఈ మొత్తం వ్యవహారంలో చెప్పింది చెప్పినట్టు చేసింది ఆ లింకు ఒక్కటే. దానికి నోరు లేదు కాబట్టి నేరం దాని మీద వేస్తున్నాడు.

"లింకులో లోపం లేదు," అంది మెల్లగా. "అది నాకు సరైన అంకె ఇచ్చింది. దాన్ని నువ్వు కదిపావు. కదిపి, పైన నా సంతకం అతికించావు."

"ఆ మధ్యలో ఖాళీ వరస వదిలింది ఎవరు మరి?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నెరిడా తల వంచలేదు.

"నేనే. షీటుకి తాళం వెయ్యనిది కూడా నేనే. అది నా తప్పు. అదీ రాస్తాను."

"రాయడమేంటి? ఎవరికి రాస్తావు?"

ఆమె కాగితాలు తీసుకుని బయటికొచ్చింది. తలుపు మూయలేదు.

కారు దగ్గరికి నడుస్తూ ఎనోసాకు ఫోన్ చేసింది. "పన్నెండు గంటల కాంక్రీటు పోయకు."

"అమ్మయ్య. కానీ అక్కా, నోటిమాట మీద లారీ వెనక్కి పంపితే రేపు మీ ఆఫీసువాళ్లు మేం పని ఎగ్గొట్టామంటారు. ఇదివరకోసారి అన్నారు కూడా. మీ బ్రెట్ చేత ఒక కాగితం పంపించు."

"బ్రెట్ పంపడు. కాగితం నేనే తెస్తున్నా."

"ఎంత దూరంలో ఉన్నావు?"

"నలభై నిమిషాలు."

"ముప్పై ఐదులో రా. ఈ లారీవాడు ఎప్పుడూ ముందే వస్తాడు, వాళ్లావిడతో పడక ఇంట్లో ఉండడు అనుకుంటా."

లారీ నిజంగానే ముందు వచ్చింది. నెరిడా బడి వెనక గేటులో కారాపేసరికి, లారీ మీద డ్రమ్ము గిరగిరా తిరుగుతోంది. డ్రైవరు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరమ్మా ఇక్కడ పెద్ద? ఈ ఎండలో గంటన్నరకి మించి ఆగదిది. తర్వాత డ్రమ్ములో గట్టిపడిపోతే దాన్ని సుత్తిపెట్టి కొట్టాల్సింది నేను, మీరు కాదు."

"ఐదు నిమిషాలు," అంది నెరిడా.

ఎనోసా ట్రక్కు ముందు రేకు మీద కాగితం పెట్టింది. రేకు కాలుతుంటే టోపీ తీసి కాగితం కింద వేసింది. రాసింది:

'నేను, నెరిడా కవల్లారో, ఈ పనికి సంతకం చేసిన ఇంజనీరును. ప్రస్తుతం బళ్ల దగ్గర, ముఠాల దగ్గర ఉన్న లోతుల పట్టిక నేను సంతకం చేసిన పట్టిక కాదు. నేను సంతకం చేశాక దాన్ని అక్షరక్రమంలోకి మార్చారు. బళ్ల వివరాలు మారాయి, లోతులు మారలేదు. వివరాలకూ లోతులకూ మధ్య నేను ఒక ఖాళీ వరస వదలడం వల్లా, షీటుకు తాళం వెయ్యకపోవడం వల్లా ఇది జరగడానికి వీలైంది. లెక్క కట్టిన సాఫ్ట్‌వేర్‌లో గానీ, లింకులో గానీ లోపం లేదు. ఆ పట్టిక మీదున్న నా సంతకాన్ని ఇప్పుడే వెనక్కి తీసుకుంటున్నాను. సరైన పట్టిక నా చేతి మీదుగా వచ్చేదాకా ఏ బళ్లోనూ కాంక్రీటు పోయవద్దు. కాజురైనా పాయింట్‌లో నిన్న నిలబెట్టిన రెండు స్తంభాలను తీసెయ్యాలి.'

కింద సంతకం, రిజిస్టరు నంబరు, తేదీ, సమయం పదకొండూ యాభై రెండు.

ఎనోసా కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని పైకి చదివాడు. ఖాళీ వరస దగ్గరికొచ్చి ఆగాడు.

"ఇది కూడా రాశావేంటి? ఎవరడిగారు నిన్ను?"

"జరిగింది అదే కదా."

"మా తమ్ముడికి చూపించాలి ఈ కాగితం. పోయినేడు కొత్త ట్రక్కుని చెట్టుకి గుద్ది, చెట్టే అడ్డమొచ్చిందన్నాడు." అతను లారీ వైపు తిరిగి చెయ్యి ఊపాడు. "తీసుకుపో బాబూ! ఇవాళ ఇక్కడ తినేవాళ్లు లేరు!"

డ్రైవరు గొణుక్కుంటూ ఎక్కాడు. నెరిడా కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి మెరెడిత్‌కు, ముప్పై ఎనిమిది బళ్లకు, మిగతా రెండు ముఠాలకు, ఆఖర్న బ్రెట్‌కు పంపింది. పంపేటప్పుడు భయమూ ఉంది. కానీ ఎక్కువగా పొద్దుటి నుంచి లోపల ఉడుకుతున్న కోపమే.

బడి హెడ్‌మిస్ట్రెస్ జోయ్‌లిన్ ప్రాక్టర్ అప్పటికే అటు వస్తోంది. పొట్టి మనిషి, మెడలో ఈల. వెనక పిల్లలు భోజనాల డబ్బాలు పట్టుకుని గోడ పక్కనున్న సన్నటి నీడలో ఒకరినొకరు తోసుకుంటున్నారు.

"నాకు ఇప్పుడే ఫొటో ఒకటి వచ్చింది," అంది. "సగం అర్థమైంది. ఆ రెండు స్తంభాలూ తీసేస్తారా?"

"తీసేయాలి."

"రెండేళ్లు అర్జీలు పెట్టాక వచ్చాయమ్మా అవి. శుక్రవారం గుడ్డ కడతామంటే పిల్లలు దానికి పేరు కూడా పెట్టుకున్నారు."

"నాకు తెలుసు. క్షమించండి."

అప్పుడే బ్రెట్ కారు ధూళి లేపుకుంటూ వచ్చింది. ఆఫీసు బూట్లతోనే దిగి, ఇసుకలో పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్‌ను చూసి ముఖం మీదకి నవ్వు తెచ్చుకున్నాడు. నెరిడా మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లబోయాడు. ఆమె చెయ్యి విడిపించుకుని అక్కడే నిలబడింది.

"పక్కకి ఎందుకు? ఇక్కడే చెప్పు," అంది.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు? ముప్పై ఎనిమిది బళ్లు! మెరెడిత్‌కి దారిలోనే ఫోన్ చేసి లింకులో చిన్న లోపమని చెప్పాను. ఆమె సరేనంది. ఈలోగా నీ ఫొటో! నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"మళ్లీ ఫోన్ చేసి లింకులో లోపం లేదని చెప్పు. అప్పుడు మొహం ఉన్న చోటే ఉంటుంది."

"ఏ హక్కుతో పంపావది? కంపెనీ నాది."

"సంతకం నాది. దాని కింద నీ కంపెనీ పేరు లేదు బ్రెట్. నా నంబరుంది. రేపు ఇక్కడ ఏమన్నా అయితే ఇంజనీర్ల బోర్డు ముందు నిలబెట్టేది నన్ను. నిలబడతాను, అది కాదు. నేను చెయ్యని దానికి నా పేరెలా పెట్టావు? ఒక్కసారి అడిగావా?"

"బటన్ నొక్కడం నేరమా?"

"బటన్ నొక్కడం పొరపాటు. ఖాళీ వరస వదలడం నా పొరపాటు. రెండూ ఒకటే రకం. కానీ తెలిశాక లారీ రానిద్దామన్నావు. అది పొరపాటు కాదు."

హెడ్‌మిస్ట్రెస్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాకు ఒక్కటే చెప్పండి. ఆ రెండు స్తంభాలకీ గుడ్డ కడితే, దాని కింద పిల్లలు కూర్చోవచ్చా, కూర్చోకూడదా?"

"సాంకేతికంగా చూస్తే," అని బ్రెట్ మొదలుపెట్టాడు, "మామూలు రోజుల్లో, అంటే గాలి వేగం ఒక స్థాయి దాటనంతవరకు..."

"నేను ఆవిడని అడిగాను."

"కూడదు," అంది నెరిడా.

"సరే," అంది జోయ్‌లిన్. ఈల నోట్లో పెట్టుకుని ఊది, గోడ దగ్గర పిల్లల్ని ఇంకా వెనక్కి, తరగతి గదుల్లోకి పంపేసింది.

బ్రెట్ మొహం ఎర్రబడింది. "రేపటి నుంచి నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు."

"రేపటి సంగతి రేపు. ఇవాళ పని ఉంది," అని నెరిడా ఎనోసా వైపు తిరిగింది. "క్రేను కట్టు."

స్తంభాలు దించడానికి తెచ్చిన చిన్న క్రేను ట్రక్కు మీదే ఉంది. ఎనోసా పట్టీ తెచ్చి మొదటి స్తంభం నడుముకు చుట్టాడు. ముఠావాళ్లు దూరంగా జరిగారు. పీకడానికి చుట్టూ తవ్వాల్సి వస్తుందేమోనని ఒకతను పారలు కూడా తెచ్చి పక్కన పడేశాడు.

పారలు అక్కర్లేకపోయాయి. క్రేను ఒకసారి మూలిగింది. పట్టీ బిగిసింది. ఆరు మీటర్ల స్తంభం చిన్నగా ఒరిగి, ఇసుక రాలుస్తూ, అడుగున కాంక్రీటు ముద్దతో సహా తడిమట్టిలోంచి ముల్లంగి వచ్చినట్టు పైకి వచ్చేసింది. క్రేను నడిపే అతను అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. "ఓయ్!" అని అరిచి వేగం తగ్గించాడు. ముద్ద గాల్లో అటూ ఇటూ ఊగింది.

ఎనోసా తలమీద చెయ్యి వేసుకుని, "శుక్రవారం దీనికి గుడ్డ కట్టేవాళ్లం," అన్నాడు.

బ్రెట్ ఆ ముద్ద వైపే చూస్తున్నాడు. అతని చేతులు పక్కలకు వేలాడుతున్నాయి. నవ్వు, కోపం రెండూ పోయిన మొహంలో అలసిపోయిన మామూలు మనిషి ఒకడు కనబడ్డాడు. ఆ మనిషిని చూసి నెరిడాకు జాలి కలగాలి. కలగలేదు. ముద్దను ఇసుక మీద పడుకోబెట్టాక ఆమె కారులోంచి కొలత టేపు, పుస్తకం తెచ్చింది. టేపు చివర బ్రెట్ చేతికిచ్చింది.

"అటు కొసకి పట్టుకో. పైనుంచి అడుక్కి."

అతను ఆమె వైపు చూశాడు. హెడ్‌మిస్ట్రెస్ వైపు, ముఠా వైపు చూశాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని ఇసుకలో వంగాడు. టేపు బిగించాడు.

"ఎంత?" అంది నెరిడా పెన్ను తెరిచి.

"ఎనిమిది వందల ఎనభై." తొమ్మిది వందలు కూడా లేదు.

"ఉండాల్సింది ఎంత?"

"నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. నువ్వు చెప్పు."

బ్రెట్ టేపు వైపే చూస్తూ ఏదో అన్నాడు. గాలికి సగం కొట్టుకుపోయింది.

"వినబడలేదు. రాసుకోవాలి."

"రెండు వేల నాలుగు వందలు," అన్నాడు బ్రెట్, ఈసారి అందరికీ వినబడేలా.

నెరిడా రెండంకెలూ ఒకదాని పక్కన ఒకటి రాసింది. తేదీ వేసింది. రాసిన చోటు కింద అతని పేరు కోసం గీత గీసి, పుస్తకమూ పెన్నూ అతని ముందు పట్టుకుంది.

"చదివింది నువ్వు. సంతకం నువ్వే పెట్టు."

అతను పుస్తకం మోకాలి మీద పెట్టుకుని సంతకం పెట్టాడు. ఎనోసా అప్పటికే రెండో స్తంభానికి పట్టీ చుడుతున్నాడు.